పాట ఎక్కడైనా దొరుకుతుంది, పాటకు ముందు మాట దొరకదు

రేడియో సిలోన్ పాత శ్రోతల సంఘాలకు, ఇళ్ళలో పాత క్యాసెట్లు, స్పూల్ టేపులు దాచుకున్న తెలుగువారికి బహిరంగ లేఖ

పెద్దలకు నమస్కారం.

రేడియో సిలోన్ గురించి మీరు చెప్పుకునే ముచ్చట్లన్నీ దాదాపు ఒకేచోట మొదలవుతాయి. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ ఆకాశవాణి నుంచి సినిమా పాటల్ని ఇంచుమించు సాగనంపారు. జనం ముల్లు తిప్పుకుని సిలోన్‌లోని, అంటే ఇప్పటి శ్రీలంకలోని, కొలంబో స్టేషన్ పట్టుకున్నారు. ఆ ఏడాది చివర్లోనే అమీన్ సయానీ హిందీ పాటల వరస చెప్పడం మొదలుపెట్టారు. మనవాళ్ళకు మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు వినిపించింది. 1957లో వివిధ భారతి పుట్టేదాకా, పుట్టాక కూడా కొన్నేళ్ళు, సినిమా పాట అంటే సిలోనే.

ఇదంతా నిజమే. కాకపోతే కొలంబోలో అంత దూరం వినిపించే స్టేషన్ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరూ చెప్పరు. అది చెప్పాలంటే ఇద్దరు ఇంగ్లీషు కుర్రాళ్ళ గురించి చెప్పాలి. ఒకడు నేవీవాడు, ఇంకొకడు సైన్యంవాడు. ఇద్దరూ నటులు, ఇద్దరూ తర్వాత బ్రిటన్‌లో పేరుమోసిన రేడియో ప్రెజెంటర్లు. వాళ్ళ జీవితాలు చెప్పి, చివర్లో మిమ్మల్ని ఒక పని అడగాలని ఈ ఉత్తరం. తెల్లవాళ్ళ గొప్పలు మనకెందుకని విసుక్కోకండి. అడగబోయే పని మన గొంతుల గురించే.

రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా సేనలకు అధిపతి మౌంట్‌బాటెన్. ఆయన ప్రధాన స్థావరం 1944 నుంచి సిలోన్‌లోని కాండీలో ఉండేది. బర్మా అడవుల్లోనూ చుట్టుపక్కల సముద్రాల మీదా ఉన్న బ్రిటిష్ సైనికులకు ఇంటి బెంగ తీర్చడానికి కొలంబోలో ఒక రేడియో పెట్టారు. దాని పేరు రేడియో సీయాక్, ఆగ్నేయాసియా సేనల ఇంగ్లీషు పేరులోని పొడి అక్షరాలు కలిపి పెట్టింది. దానికోసం కొలంబోకి ఉత్తరాన ఎకలలో 100 కిలోవాట్ల షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ నిలబెట్టారు. ఆ రోజుల్లో ఆసియాలో అది చిన్న సంగతి కాదు. అది పూర్తి శక్తితో మాట్లాడటం మొదలుపెట్టే సరికి యుద్ధం అయిపోయింది, సైనికులు ఇళ్ళకు వెళ్ళిపోతున్నారు. చివరికి స్టేషన్ సిలోన్ ప్రభుత్వం చేతికొచ్చి, రేడియో సిలోన్ అయింది. విజయవాడలోనో వరంగల్‌లోనో మన ఇళ్ళలో సిలోన్ పలికిందంటే సైనికుల కోసం తెచ్చిన ఆ యంత్రాలు పునాది వేయబట్టే. మనకోసం పెట్టినది కాదు. మనవాళ్ళు దాన్ని మనది చేసుకున్నారు, అంతే.

ఆ రేడియో సీయాక్‌లో పనిచేసినవాళ్ళలో డేవిడ్ జేకబ్స్ ఒకరు, డెస్మండ్ క్యారింగ్టన్ ఒకరు. జేకబ్స్ పుట్టింది 1926 మే 19న, దక్షిణ లండన్‌లోని స్ట్రెథమ్ హిల్‌లో. క్యారింగ్టన్ పుట్టింది అదే ఏడాది మే 23న, కెంట్‌లోని బ్రామ్లీలో. నాలుగు రోజుల తేడా. కొలంబోలో మైకు ముందు కూర్చునేటప్పటికి ఇద్దరికీ ఇరవై అటూ ఇటూ.

జేకబ్స్ 14 ఏళ్ళకే బడి మానేసి చిన్నాచితకా ఉద్యోగాలు చేశాడు. నేవీలో చేరాడు. 1944లో నేవీవాళ్ళ కోసం బీబీసీ నడిపే ఒక వినోద కార్యక్రమంలో మొదటిసారి రేడియోలో వినిపించాడు. అప్పుడు చేసింది అనౌన్సర్ పని కాదు, మిమిక్రీ. ఇది గుర్తుపెట్టుకోండి, ఆ మనిషి తీరంతా ఇక్కడే ఉంది. అక్కణ్ణుంచి సైనిక రేడియోకి, తర్వాత కొలంబోకి. అక్కడ చీఫ్ అనౌన్సర్ అయ్యాడు, అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టర్ కూడా అయ్యాడు. ఇరవై ఏళ్ళవాడి చేతికి అంత పెద్ద స్టేషన్ బాధ్యత అప్పగించడం యుద్ధమప్పుడో, అది అయిపోయిన కొత్తలోనో తప్ప జరగదు.

క్యారింగ్టన్‌ది నాటకం దారి. 1942లో నాటింగ్‌హామ్ థియేటర్ రాయల్‌లో మొదటిసారి రంగస్థలం ఎక్కాడు. తర్వాత సైన్యం పిలిచింది, బర్మా వైపు పంపింది. అక్కణ్ణుంచి రేడియో సీయాక్‌కి మారాడు. నటుడికి గొంతు ఉంటుందని సైన్యానికి కూడా తెలుసు.

ఇంగ్లండ్ తిరిగి వెళ్ళాక ఇద్దరూ వేరువేరు దారులు పట్టారు. ముందు జేకబ్స్ సంగతి చెబుతాను. ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఎవరికీ కనబడనిది.

1953లో బీబీసీవాళ్ళ లైట్ ప్రోగ్రామ్ అనే రేడియో స్టేషన్‌లో ‘జర్నీ ఇంటు స్పేస్’ అనే ధారావాహిక మొదలైంది. రాసి, తయారుచేసింది చార్ల్స్ చిల్టన్. చంద్రుడి మీదికి, తర్వాత అంగారకుడి మీదికి వెళ్ళే నలుగురు మనుషుల కథ. స్పుత్నిక్ ఎగరడానికి ఇంకా నాలుగేళ్ళుంది. బ్రిటన్‌లో సాయంత్రం వేళ టీవీ కంటే ఎక్కువమంది విన్న చివరి రేడియో కార్యక్రమం అదేనని చెబుతారు. ఆ నలుగురి పాత్రలు వేసినవాళ్ళ పేర్లు అక్కడ అందరికీ తెలుసు. మరి నేల మీద కంట్రోల్ రూములో ఉన్నవాడు, వార్తలు చదివేవాడు, దారిలో తగిలే వింత మనుషులు, రెండు మాటలు చెప్పి మాయమైపోయేవాళ్ళు? వాళ్ళలో చాలామంది డేవిడ్ జేకబ్సే. మొత్తం 22 పాత్రలు వేశాడు.

రేడియో నాటకం ఎలా చేస్తారో మీకు తెలుసు గనక ఇది ఎంత పనో మీకే బాగా అర్థమవుతుంది. మేకప్ లేదు, వేషం లేదు. మైకుకి దగ్గరగా జరిగితే ఒక మనిషి, అడుగు వెనక్కి వేసి గొంతు కొంచెం పైకి లేపితే ఇంకో మనిషి. ఒకే సన్నివేశంలో తనతో తానే మాట్లాడాల్సి రావచ్చు. మిమిక్రీ చేసే కుర్రాడిగా మొదలైనవాడికి ఇది చేతనైన విద్య. మన ఆకాశవాణి నాటక కళాకారులకూ తెలిసిన విద్యే. ఒకే మనిషి మునసబు, బంట్రోతు, పక్కింటి ముసలాయన అయిపోతుంటే శ్రోతకు పసిగట్టే వీలుండదు. పసిగట్టకపోవడమే ఆ నటుడి గెలుపు, పేరు రాకపోవడం దానికి కట్టిన మూల్యం.

ఆ తర్వాత ఆయనకు వచ్చిన పేరు వేరు. 1959 జూన్ 1న బీబీసీ టీవీలో ‘జ్యూక్ బాక్స్ జ్యూరీ’ మొదలైంది. కొత్త పాటల రికార్డు వేస్తారు, నలుగురు కూర్చుని అది హిట్టో ఫ్లాపో తేలుస్తారు. హిట్టయితే జేకబ్స్ గంట కొడతాడు, కాకపోతే హారన్ మోగిస్తాడు. 1963 డిసెంబర్ 7న ఆ నలుగురు కూర్చునే చోట బీటిల్స్ నలుగురూ కూర్చున్నారు. పాట మీద తీర్పు చెప్పడమనే ఆట మన టీవీల్లోకి ఎప్పుడొచ్చిందో, ఎంత అరుపులతో వచ్చిందో మీకు తెలుసు. జేకబ్స్ అరిచేవాడు కాదు. సూటు వేసుకుని, బ్యాంకు మేనేజరు అప్పు మంజూరు చేస్తున్నట్టు మర్యాదగా మాట్లాడేవాడు. రాక్ అండ్ రోల్ తరానికి అలాంటి మనిషి నచ్చాడంటే ఇప్పుడు వింతగానే ఉంటుంది. ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ అనే టీవీ పాటల కార్యక్రమం 1964లో మొదలైనప్పుడు వంతులవారీగా నడిపిన నలుగురిలో కూడా ఆయన ఉన్నాడు.

అదే మనిషి 1967 నుంచి 1984 దాకా రేడియోలో ‘ఎనీ క్వశ్చన్స్’ అనే రాజకీయ చర్చ నడిపాడు. ఊరూరా తిరుగుతూ, అక్కడి జనం అడిగే ప్రశ్నలకు నాయకులతో జవాబులు చెప్పించే కార్యక్రమం అది. మంత్రులు తప్పించుకోబోతే మృదువుగానే పట్టుకునేవాడు. గంట, హారన్ మోగించినవాణ్ణి అక్కడ కూర్చోబెట్టడం నాకు మొదట వింతగా తోచింది. ఆలోచిస్తే రెండూ ఒకే పని. పక్కవాళ్ళను మాట్లాడనిచ్చి, సమయానికి ఆపడం. ఆ పదిహేడేళ్ళ మధ్యలోనే కొడుకును పోగొట్టుకున్నాడు, తర్వాత రెండో భార్యను పోగొట్టుకున్నాడు. మైకు దగ్గరికి మాత్రం తిరిగి వస్తూనే ఉన్నాడు.

ఇక క్యారింగ్టన్. 1957లో ఐటీవీలో ‘ఎమర్జెన్సీ వార్డ్ 10’ అనే ఆసుపత్రి సీరియల్ వచ్చింది. బ్రిటన్‌లో వైద్యుల సీరియళ్ళకు అది పెద్దక్క లాంటిది, పదేళ్ళు నడిచింది. అందులో డాక్టర్ క్రిస్ ఆండర్సన్ పాత్ర క్యారింగ్టన్‌ది. తెల్లకోటు వేసుకున్న అందగాడంటే ఏ దేశంలోనైనా జరిగేదే జరిగింది, ఊరూరా అభిమానులు. కొందరు నటులు అక్కడితో ఆగిపోతారు. ఒక్క పాత్ర పేరు మెడకు తగిలించుకుని ముప్ఫై ఏళ్ళు తిరుగుతారు. ఈయన మళ్ళీ రేడియో వైపు వచ్చాడు.

1981లో, 55 ఏళ్ళ వయసులో, బీబీసీ రేడియో 2లో ఆదివారం మధ్యాహ్నం పాత పాటల కార్యక్రమం మొదలుపెట్టాడు. మనదగ్గర ఉద్యోగులు పింఛను కాగితాలు సర్దుకునే వయసు అది. ఆ కార్యక్రమం 2004 దాకా నడిచింది. ఆ ఏడాదే ఇంకో కార్యక్రమం, ‘ది మ్యూజిక్ గోస్ రౌండ్’. అది 2016 అక్టోబర్ 28న ముగిసింది. అప్పటికి ఆయనకు 90 ఏళ్ళు.

నాకు బాగా ఇష్టమైన విషయం, చివరి ఏళ్ళలో ఈ కార్యక్రమాలు ఎక్కణ్ణుంచి వచ్చేవన్నది. లండన్ నుంచి కాదు. స్కాట్లండ్‌లో పెర్త్‌షైర్ పల్లెటూళ్ళో తన ఇంట్లోంచి. ఇంట్లోనే స్టూడియో, చుట్టూ జీవితమంతా పోగుచేసిన రికార్డులు, లండన్‌కి శబ్దాన్ని స్పష్టంగా మోసే ఐఎస్‌డీఎన్ అనే డిజిటల్ ఫోన్ లైను. కరోనా వచ్చాక అందరూ ఇళ్ళలోంచి ప్రసారాలు చేసి ఇదేదో కొత్త అన్నట్టు మురిసిపోయారు. ఆయన అంతకు ఎన్నో ఏళ్ళ ముందే చేశాడు. పెర్త్‌షైర్‌లోని మా ఇంటినుంచి అంటూ శ్రోతల్ని పలకరించేవాడు. ఇంట్లో శామ్ అనే పిల్లి ఉండేది, అదీ కార్యక్రమంలో భాగమైపోయింది. శ్రోతలకు పాటలతో సమానంగా పిల్లి బాగోగులు కూడా కావాలి మరి. పాట ఎప్పటిది, పాడింది ఎవరు, వెనక వాయించింది ఎవరు అన్నది చెప్పడానికి ఆయన తొందరపడేవాడు కాదు.

జేకబ్స్ కూడా ముసలితనంలో అదే గూటికి చేరాడు. రేడియో 2లోనే ఆదివారం పొద్దుపోయాక ఒక గంట. సినిమాల, నాటకాల పాత పాటలు, పెద్ద బ్యాండ్లు. వాటిని మనలాంటివాళ్ళ సంగీతం అని పిలిచేవాడు. 2013 వేసవి దాకా చేశాడు, ఒంట్లో బాగాలేక ఆపాడు. ఆ సెప్టెంబర్ 2న చనిపోయాడు, 87 ఏళ్ళు. క్యారింగ్టన్ ఆఖరి కార్యక్రమం చేశాక మూడు నెలలు గడిచి, 2017 ఫిబ్రవరి 1న పోయాడు.

చూడండి. నాలుగు రోజుల తేడాతో పుట్టారు, ఒకే యుద్ధం ఇద్దర్నీ కొలంబోలో ఒకే స్టేషన్‌కు చేర్చింది. నటులయ్యారు, టీవీలో ముఖాలు చూపించారు, చివరికి ఇద్దరూ ఒకే రేడియోలో పాటకూ పాటకూ మధ్య మాట్లాడుతూ ముసలివాళ్ళయ్యారు. ఆ మధ్య మాట్లాడే మాటే వాళ్ళ అసలు వృత్తి. పాటలు వాళ్ళవి కావు. ఎవరో రాశారు, ఎవరో పాడారు. ఆ పాటలు ఇవాళ ఫోనులో వేలితో తాకితే వస్తాయి. పాటకు ముందు అరనిమిషం మాత్రం ఆ మనిషిదే, అది ఇంకెక్కడా దొరకదు.

ఆ అరనిమిషాన్ని ఎవరు దాస్తారు?

బీబీసీ దాచి ఉంటుందని మనకో నమ్మకం. అంత పెద్ద సంస్థ, అంత డబ్బు, అంత క్రమశిక్షణ. నిజానికి ‘జర్నీ ఇంటు స్పేస్’ అసలు టేపుల్ని బీబీసీవాళ్ళే చెరిపేశారు. టేపు ఖరీదైనది, మళ్ళీ వాడుకోవచ్చు, పాత నాటకం మళ్ళీ ఎవరు వింటారు అన్న లెక్క. ఏళ్ళ తరబడి ఆ ధారావాహిక లేదనే అనుకున్నారు. 1986లో, తప్పు చోట సర్దిపెట్టిన డిస్కులు కొన్ని దొరికాయి. విదేశీ స్టేషన్లకు పంపడానికి చేసినవి. అవి సరైన చోట పెట్టి ఉంటే వాటినీ పారేసేవారేమో. జేకబ్స్ వేసిన 22 పాత్రలు ఇవాళ వినబడుతున్నాయంటే ఒక గుమస్తా పొరపాటు పుణ్యం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. చెరిపేసినా, ఏది ఎప్పుడు ప్రసారమైందో, ఎవరు ఏ పాత్ర వేశారో కాగితం మీద మిగిలింది. ‘రేడియో టైమ్స్’ పత్రికలో వారంవారం అచ్చయ్యేది. 1923 నుంచి 2009 దాకా ఆ జాబితాలన్నీ బీబీసీవాళ్ళు స్కాన్ చేసి, వెతుక్కునేలా అందరికీ తెరిచారు. అక్షరాలు తప్పుగా పడినచోట మామూలు జనమే దిద్దారు. 2001లో ఇంకో పని చేశారు. మేం పోగొట్టుకున్న కార్యక్రమాలు మీ ఇళ్ళలో ఉన్నాయేమో చూడండి అని శ్రోతల్ని బహిరంగంగా అడిగారు. పెద్ద సంస్థ ఇలా చేతులు చాచడం నాకు నచ్చింది.

ఇప్పుడు మన సంగతి.

మీలో చాలామంది దగ్గర టేపులున్నాయి. 1970లలో, 80లలో టూ ఇన్ వన్ కొన్నప్పుడు మొదట చేసిన పని రేడియోలోంచి పాటలు రికార్డు చేసుకోవడం. అప్పుడు అందరం ఎలా చేసేవాళ్ళమో గుర్తుందా? అనౌన్సర్ మాట్లాడుతున్నంతసేపూ పాజ్ బటన్ మీద వేలు. పాట మొదలవగానే వదలడం. పాట చివర్లో మళ్ళీ మాట వినబడగానే టక్కున నొక్కేయడం. మాట చెత్త, పాట బంగారం. క్యాసెట్ ఖరీదుకు అది సబబైన లెక్కే. ఫలితం ఏమైందంటే, ఇప్పుడు ఎక్కడైనా దొరికే పాట మాత్రం మన టేపుల మీద గరగరలాడుతూ ఉంది. ఇంకెక్కడా దొరకని గొంతును మన చేతులతో మనమే కోసి పారేశాం.

అన్నీ కోయలేదు. వేలు ఆలస్యమైనచోట రెండు ముక్కలు మిగిలాయి. రికార్డింగ్ పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయినప్పుడు ఒక వైపు మొత్తం పడిపోయింది. మన ఉత్తరం చదువుతారని ఆశపడి కార్యక్రమం అంతా రికార్డు చేసిన రోజు ఒకటి ఉంటుంది. నేను అడిగేది ఆ ముక్కల గురించే.

ఒక మనవి. టేపును కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు పాటలు ఏరుకోకండి. మొదటి నుంచి చివరిదాకా, రెండు వైపులా, ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. మధ్యలో గరగర, పక్క స్టేషన్ గోల, మీ ఇంట్లో కుక్కర్ కూత, ఏదీ తీసేయకండి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ మోజులో పడి గొంతు అంచులు కోసేయకండి. కావాలంటే శుభ్రం చేసిన ప్రతి వేరే పెట్టుకోండి, మూల ప్రతిని ముట్టుకోవద్దు. ఎంపీ3 కాకుండా కుదించని వేవ్ ఫైలుగా దాచండి, డిస్కు ధరలు ఇప్పుడు అంత భారం కాదు. ఎక్కించాక క్యాసెట్ పారేయకండి. బూజు పట్టిన టేపును మాత్రం నేరుగా ప్లేయర్లో పెట్టవద్దు, అది తెగుతుంది, హెడ్డు పాడై తర్వాతి టేపుల్నీ పాడుచేస్తుంది. అలాంటివి ఒక పక్కన పెట్టి, పని తెలిసినవాళ్ళకివ్వండి. కోస్తా ఊళ్ళలో ఉన్నవాళ్ళు ముందు జాగ్రత్తపడాలి, అక్కడి ఉక్క గాలికి టేపులు త్వరగా బూజు పడతాయి.

రెండో మనవి నాకు ఇంకా ముఖ్యం. పేర్లు రాయండి. కొలంబో నుంచి తెలుగులో మాట్లాడిన వాళ్ళెవరు? మీనాక్షి గారి పేరు తప్ప చాలామందికి ఇంకో పేరు తెలియదు. ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరు చదివేవారు? ఎప్పటినుంచి ఎప్పటిదాకా? ఏ వేళకు, ఏ బ్యాండు మీద? మీ సభల్లో ఆ రోజులే వేరు అన్న మాట వినబడినన్నిసార్లు తేదీ అన్న మాట వినబడదు. మధుర గాత్రం అని పొగిడితే ఆ మనిషి గురించి ఏమీ తెలియదు. 1978 జూన్‌లో మధ్యాహ్నం ఫలానావారు చదివారు అని ఎవరైనా రాస్తే ఎంతో తెలుస్తుంది. అనుమానంగా ఉంటే అనుమానమనే రాయండి, ఇంకొకరు దిద్దుతారు.

దీనికి ఆధారాలు మీ అటకల మీదే ఉన్నాయి. దూరపు స్టేషన్లు వెతికి వినడం సరదాగా పెట్టుకున్న డీఎక్సర్లు, ప్రసారం ఎలా వినబడిందో రాసి పంపితే, విన్నది నిజమేనని కొలంబో నుంచి క్యూఎస్ఎల్ కార్డులు వచ్చేవి. వాటి మీద తేదీ, ఫ్రీక్వెన్సీ ఉంటాయి. మీ ఉత్తరం చదివిన రోజు డైరీలో రాసుకున్నవాళ్ళుంటారు.  అవన్నీ ఫోనుతో ఫొటో తీసినా చాలు. వెలుతురు మాత్రం సరిగా చూసుకోండి, వేలు అడ్డం రాకుండా.

పాటల హక్కుల గురించి భయపడేవాళ్ళుంటారు. భయం సబబే, పాటలు కంపెనీలవి. అందుకే పాటల్ని ఎక్కడా పెట్టవద్దంటున్నాను. మొత్తం ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి, మీ ఊళ్ళో నమ్మకమైన ఇంకొకరి దగ్గర ఒక నకలు ఉంచండి. నలుగురితో పంచుకునేది మాటల ముక్కలు, తేదీలు, పేర్లు.

ఇంకొకటి, వాట్సాప్‌లో తిరిగే ఫొటోల సంగతి. ఎవరిదో ఫొటో పెట్టి, రేడియో సిలోన్ తెలుగు అనౌన్సర్ అని రాసి, దండం పెట్టే బొమ్మలతో పదిమందికి పంపేస్తున్నారు. గొంతు తెలిసిన మనిషికి ముఖం తగిలించాలన్న ఆత్రం అర్థమవుతుంది. ఎవరు, ఎప్పుడు, ఎవరి దగ్గరిది అన్నవి తెలియకుండా పంపకండి. తప్పు ముఖం ఒకసారి అంటుకుంటే ఊడదు.

ఇంతా చేసి ఎవరు వింటారు అనవచ్చు. జేకబ్స్ మొదటిసారి మిమిక్రీ చేసిన రోజున, క్యారింగ్టన్ నాటింగ్‌హామ్‌లో రంగస్థలం ఎక్కిన రోజున కూడా వాళ్ళ గురించి ఎవరో తెలుగువాడు రాస్తాడని ఎవరూ అనుకుని ఉండరు. తేదీలు ఉన్నాయి గనక రాయగలిగాను. వాళ్ళ తర్వాత అదే కొలంబోలో మైకు ముందు కూర్చున్న మన మనుషుల గురించి రాయాలంటే, ఇవాళ నా దగ్గర ఒక్క పేరు, కాసిని పొగడ్తలు ఉన్నాయి.

వచ్చేసారి కలిసినప్పుడు సన్మానాలూ శాలువాలూ ఒక గంట తగ్గించుకుని, తలా ఒక క్యాసెట్ సంచితో రండి. ఒక పాత ప్లేయరు, ఒక ల్యాప్‌టాప్, ఒక నోటుబుక్కు చాలు. నోటుబుక్కులో నాలుగు గళ్ళు గీయండి: ఎవరి టేపు, ఏ ఏడాది, ఏ గొంతు, ఎవరు గుర్తుపట్టారు. మీలో ఎనభై దాటినవాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, ముందు వాళ్ళకు వినిపించండి. గొంతు గుర్తుపట్టగలిగేది వాళ్ళే.

ఇట్లు,
మీలాంటి ఒక శ్రోత